కర్ఫ్యూ

“ఒక్క రోజే! వెళ్తాం, సముద్రం చూస్తాం, వచ్చేస్తాం. సముద్రం నిన్ను ఉంచేసుకుంటుందా ఏంటి?” అంది మైకు.

“మా అమ్మ ఒప్పుకోదు.”

పదో తరగతి మొత్తానికి కంఠతా వచ్చిన జవాబది. సినిమాకు పిలిచినా అదే, పుట్టినరోజుకు పిలిచినా అదే. ఆఖరి గంట మోగుతూనే ఆమె సంచీ భుజాన వేసుకుని గేటు దాటేసేది. అందుకే తరగతి ఆమెకు కర్ఫ్యూ అని పేరు పెట్టింది, గుసగుసలాడినా వరండా అంతా వినిపించే ఆమె స్నేహితురాలికి మైకు అని పెట్టినట్టే.

విరామం దొరికినప్పుడల్లా ఆమె ఆఫీసు గదిలోంచి ఇంటికి ఫోను చేయాలి. అవతల ఎత్తడం కాస్త ఆలస్యమైతే పెట్టేసి మళ్ళీ మళ్ళీ చేసేది.

“హాజరు పడిందా?” అని మగపిల్లలు నవ్వేవాళ్ళు. “మాకైతే పొద్దున ఒక్కసారే.”

ఆమె కూడా నవ్వేసేది. నవ్వకపోతే ఇంకా అడుగుతారు.

సలహాలకు మాత్రం కొదవ లేదు. అన్నం మానెయ్యమని ఒకరు. స్పెషల్ క్లాసు ఉందని చెప్పెయ్యమని ఒకరు. “పెద్దవాళ్ళతో నిజం చెప్తే పని కాదు,” అని వెనక బెంచీ తీర్పు చెప్పింది.

ఈసారి ఆమెకు నవ్వు రాలేదు. పరీక్షలైపోతే ఎవరి దారి వారిది. మైకు వేరే ఊరు వెళ్ళిపోతోంది. రేపటి విహారయాత్ర బస్సులో కిటికీ పక్క సీటు ఆమె కోసమే పట్టి ఉంచింది. కళ్ళు మూసుకుంటే చాలు, ఎన్నడూ చూడని అలల చప్పుడు ఆమె చెవుల్లో హోరెత్తుతోంది.

“నువ్వు అడగలేవు. నేనడుగుతా,” అంటూ ఆ సాయంత్రం మైకు ఇంటిదాకా వెంటబడింది.

రెండు గదుల ఇల్లు. తల్లీకూతుళ్ళిద్దరే. మైకు కాళ్ళు కడుక్కుని వచ్చి ఆమె చెవి కొరికింది. “స్నానాలగదికి కూడా లోపల గడియ లేదేంటే? మరీ అంత అనుమానమా?”

“మెల్లగా!”

మెల్లగా మాట్లాడటం మైకు చేతిలో లేదు. కుర్చీలో కూర్చున్న అమ్మ ఎదుటికి వెళ్ళి నిలబడింది.

“ఆంటీ, ఏమీ అనుకోకండి. రెక్కలొచ్చిన పిల్లని ఇలా గూట్లో పెట్టి మూసేస్తే ఎలా? మా అమ్మా తిడుతుంది, ఒక్కోసారి రెండు తగిలిస్తుంది కూడా. కానీ ఊపిరాడనిస్తుంది. రేపొక్క రోజు దీన్ని వదలండి.”

అమ్మ కూతురి ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. కూతురు నేల చూపులు చూస్తూ ఉండిపోయింది.

“అది చెప్పింది కదమ్మా,” అంది అమ్మ చివరికి. “నేను ఒప్పుకోను.”

మైకు విసురుగా చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. “అమ్మ కాదే ఆవిడ, జైలరు!”

ఆ మాట వీధి చివరిదాకా వినిపించింది. కూతురు కాదనలేదు.

తెల్లవారి బస్సు వాళ్ళ వీధిలోంచే వచ్చింది. కావాలనే తిప్పించినట్టున్నారు. ఇంటి ముందు ఆగి హారన్ కొట్టింది. కిటికీల నిండా చేతులే.

“వచ్చెయ్యవే కర్ఫ్యూ! తిట్లన్నీ నేను తింటాలే!”

ఆమె గేటు దాకా వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసింది. బస్సులో అందరూ ఈల వేశారు. వెనక ఇంట్లోంచి పిలుపు రాలేదు, అరుపు రాలేదు. ఏ చప్పుడూ రాలేదు.

ఆమె చెయ్యి తీసేసింది.

బస్సు మలుపు తిరిగాక లోపలికి వచ్చి, బీరువా తాళం తీసి, పోయిన వేసవిలో ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచి “నన్నెందుకు బతికించావే?” అని అడిగిన అమ్మ అరచేతిలో ఆ పూటకు ఒకే ఒక్క మాత్ర పెట్టి, అది గొంతు దిగేదాకా ఎదురుగా నిలబడింది.