వాసన మరిగిన తలుపు

నార్వేలోని ఓస్లోలో క్లాసులు మొదలైన సోమవారమే క్లాసు తలుపు భవానిని ఆపేసింది. ఇప్పుడు ఆ ఊళ్లో తాళాలూ కార్డులూ లేవు. తలుపులే మనిషిని వాసన చూసి లోపలికి పంపుతాయి. రోజూ నలుగురి దగ్గరా తగిలే వాసనైతే తెరుచుకుంటాయి, కొత్తదైతే బిగుసుకుంటాయి. భవాని ఆ పొద్దున చారుకి ఇంగువ పోపు పెట్టి వచ్చింది.

"పరాయి వాసన. స్నానం చేసి రండి," అంది తలుపు.

వెనకే ఉన్న ఇంగ్రిడ్ ముక్కు మూసుకుని అందరినీ నవ్వించింది. క్లాసులో అందరిదీ ఒకటే హాస్టలు. మొదటి పాఠమంతా భవాని వరండాలోనే కూర్చుంది.

అవమానం దిగమింగే రకం కాదు ఆ పిల్ల. హాస్టల్ వంటగది పక్కనే అందరూ కోట్లు తగిలించే కొక్కేలున్నాయి. మర్నాటి నుంచి ఆ కోట్లకి వాసన పట్టేలా వంటగది తలుపు బార్లా తీసిపెట్టి పోపు వేసింది. ముందు నాలుగు ఆవాలు, తర్వాత కరివేపాకు, ఆపైన కొంచెం కొంచెంగా ఇంగువ. క్లాసు తలుపు ఉలిక్కిపడకుండా మరగాలి కదా. ఇదేం వాసనని అడిగినవాళ్లకి వేడి చారు పోసి నోరు మూయించింది. ఇంగ్రిడ్ మాత్రం తన కోటు గదిలోనే దాచుకుంది.

శుక్రవారం క్లాసంతా ఇంగువ వాసనతో బిలబిలా లోపలికి పోయింది. సెంటు పూసుకొచ్చిన ఇంగ్రిడ్ ముందు తలుపు బిగుసుకుంది.

"పరాయి వాసన. స్నానం చేసి రండి."

"ఇవాళ పరీక్ష ఉంది భవానీ. ఇప్పుడెలా?" అంది ఇంగ్రిడ్, నీళ్లు నిండిన కళ్లతో.

"కోటు తెచ్చి కొక్కేనికి తగిలించు," అంది భవాని లోపలికి అడుగేస్తూ. "మళ్లీ పోపు ఎప్పుడు పెడతానంటావా, నాకు బుద్ధి పుట్టినప్పుడు."