అత్తగారు మెచ్చిన ఇల్లు

కుక్కని పెంచుకుంటామని వచ్చిన ప్రతివాళ్ళనీ ఆవిడ దొంగల్ని చూసినట్టే చూస్తుంది.

వీధికుక్కల్ని కాపాడే సంఘం అది. దెబ్బ తగిలిన కుక్కని తెచ్చి, కట్టు కట్టి, కోలుకున్నాక ఎవరైనా అడిగితే ఇస్తారు. వాళ్ళ భాషలో దాన్ని అత్తారింటికి పంపడం అంటారు. పంపేముందు ఆ ఇల్లు ఎలాంటిదో చూసి రావడం ఆవిడ పని. వెళ్ళిన ప్రతి ఇంటికీ ఏదో ఒక వంక పెట్టి వస్తుంది కాబట్టి సంఘంలో అందరూ ఆవిణ్ణి అత్తగారు అంటారు. ఎదురుగా మాత్రం కాదు.

చెప్పి వెళితే ఎవరిల్లయినా అద్దంలాగే ఉంటుందని అత్తగారి నమ్మకం. అందుకే రేపు వస్తానని చెప్పి ఇవాళే వెళ్ళి తలుపు తడుతుంది. అబద్ధం చెప్పేవాళ్ళని కళ్ళు చూసి పట్టేస్తానని కూడా ఆవిడకో ధీమా.

ఈసారి మాత్రం వంకలు పెట్టే పరిస్థితి లేదు. వెంట ఉన్నది దొర. మూడు కాళ్ళ ముసలి కుక్క. లారీ కింద పడి ఒక కాలు పోయింది. ఆ రోజు నుంచీ గొంతు కూడా పెగల్లేదు. మొరగని కుక్క మాకెందుకని ఇప్పటికే మూడిళ్ళ వాళ్ళు వద్దన్నారు. ఈ వారంలో ఎవరూ తీసుకోకపోతే దొరని ఊరి బయటి పెద్ద షెడ్డుకి పంపేస్తారు. అక్కడ తిండి గిన్నె దగ్గరికి నాలుగు కాళ్ళున్నవే ముందు చేరతాయి. దొర నెల్లాళ్ళు కూడా బతకడని ఆవిడ దిగులు.

దొర కావాలని ఫోన్ చేసింది ఒక ఇల్లాలు. ఫలానా రోజు పదింటికి రమ్మంది. అత్తగారు అలవాటు ప్రకారం ముందురోజే దొరని చంకనెత్తుకుని ఆ ఇంటి మూడో అంతస్తు ఎక్కింది.

బెల్లు నాలుగుసార్లు కొట్టాల్సి వచ్చింది. లోపల అలికిడి వినిపిస్తోంది కాబట్టి ఆవిడ వదల్లేదు. చివరికి తలుపు బెత్తెడు తెరుచుకుంది. ముప్పై ఏళ్ళ మనిషి, చెమటతో చొక్కా తడిసిపోయి ఉంది.

కుక్క కోసం మీ ఆవిడ ఫోన్ చేసిందనీ, ఇల్లు చూసి వెళతాననీ అత్తగారు చెప్పింది. అతను ఆవిడనీ దొరనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత తలుపు పూర్తిగా తీసి, త్వరగా లోపలికి రమ్మన్నాడు.

హాలు చూసి ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. గోడ మీది టీవీ దింపేసి దుప్పట్లో చుట్టి ఉంది. తివాచీ చుట్ట చుట్టి మూలకి ఆనించి ఉంది. అల్మారాలన్నీ ఖాళీ. గాజు గ్లాసుల దగ్గర్నుంచి వెండి గిన్నెల దాకా మూడు సంచుల్లో సర్ది ఉన్నాయి. కుక్క వస్తోందంటే పూలకుండీ కూడా పక్కకి జరపని ఇళ్ళు ఆవిడ ఎన్ని చూసిందో.

"దొర కోసమేనా ఇదంతా తీసేస్తున్నావు?"

"పగలకుండా తీసుకెళ్ళాలి కదమ్మా," అన్నాడతను.

ఆవిడ కుర్చీ లాక్కుని ఫారం తీసింది. కుక్కలు అలవాటేనా అని అడిగింది. చాలా ఇళ్ళల్లో కుక్కలు తనకి తెలుసనీ, ఒక్కటీ కరవలేదనీ చెప్పాడు. పగలు ఇంట్లో ఎవరుంటారంటే, తనకి పని వారానికి ఒకటి రెండుసార్లే ఉంటుందన్నాడు. ఆవిడ అతని కళ్ళల్లోకే చూస్తోంది. ఒక్క అబద్ధం కూడా దొరకలేదు.

"ముందే చెబుతున్నా బాబూ, వీడు మొరగడు."

అతని ముఖం మొదటిసారి విప్పారింది. "మొరగని కుక్క ఉంటుందనే నాకు తెలీదమ్మా."

దొర కుంటుకుంటూ వెళ్ళి అతని పాదం మీద తల పెట్టి కళ్ళు మూసుకున్నాడు. మూడేళ్ళుగా తిండి పెడుతున్న ఆవిడ దగ్గర కూడా వాడు ఎప్పుడూ అలా పడుకోలేదు. అతను సంచుల సంగతి మరిచిపోయి కింద చతికిలబడి, వాడి చెవి వెనక గోకుతూ ఉండిపోయాడు. అత్తగారు కళ్ళు తుడుచుకుని, పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ వెయ్యని పదికి పది మార్కులు వేసింది.

ఆవిడ ఫారం పూర్తిచేసేలోపు అతను టీవీనీ తివాచీనీ కిందికి దింపి వ్యానులో పెట్టి వచ్చి గబగబా సంతకం గీకాడు. మొదటిరోజు కుక్కని క్షణం కూడా ఒంటరిగా వదలకూడదని ఆవిడ గట్టిగా చెప్పింది. అలాగైతే సామాను దించడానికి వెళ్ళేటప్పుడు వాణ్ణి కూడా తీసుకెళతానని, రెండు సంచులు భుజాలకి తగిలించుకుని దొరని ఎత్తుకున్నాడు. మూడో సంచి ఆవిడే అందుకుంది. వద్దమ్మా అన్నా వినలేదు. మూడంతస్తులూ ఆయాసపడుతూ దిగింది. గాజు సామాను జాగ్రత్త అని దారిపొడుగునా అతన్నే మందలించింది.

తీసుకెళ్ళినవాళ్ళు మర్నాడు ఫొటో పంపాలని సంఘం నియమం. తొమ్మిదింటికల్లా వచ్చింది. నిన్నటి తివాచీ మీద దొర వెల్లకిలా పడి నిద్రపోతున్నాడు. చుట్టి పెట్టినదాన్ని పాపం మళ్ళీ వాడి కోసమే పరిచాడని అత్తగారు ఆఫీసులో అందరికీ చూపించింది. కుక్కలకి కట్టు కట్టే డాక్టరుకి రెండుసార్లు చూపించింది. తను వంక పెట్టకుండా వచ్చిన మొదటి ఇల్లు అదేనని చెప్పుకుంది.

పదింటికి ఫోన్ మోగింది. ఆ ఇల్లాలే. మెచ్చుకోడానికి చేసిందనుకుని, అందరూ వినాలని అత్తగారు స్పీకర్ పెట్టింది.

"ఇవాళ మీరు రాకండమ్మా," అంది ఇల్లాలు ఏడుపు గొంతుతో. "నిన్న మేమిద్దరం ఆఫీసుల్లో ఉండగా ఇల్లంతా ఊడ్చుకుపోయారు. కింది అంతస్తు ఆవిడ కళ్ళారా చూసిందట. తల్లీకొడుకులట. కొడుకు కుక్కని ఎత్తుకుని ముందు నడుస్తుంటే, వెనకాల సంచి మోసుకుంటూ వాడికి జాగ్రత్తలు చెబుతోందట ఆ ముసలి దొంగ."