ఎవరికీ అక్కర్లేని కుళాయి

“మా గుమ్మం ముందు మాత్రం వద్దండీ,” అన్నాడు సుందరరాజు మాస్టారు, అరుగు దిగి వచ్చి గడ్డపారకు అడ్డంగా నిలబడుతూ.

మున్సిపాలిటీ ఓవర్సీరు పూర్ణచంద్రరావు తెల్లబోయాడు. బందరులో వీధికొకటి చొప్పున మంచినీళ్ళ కుళాయిలు వేయిస్తున్నాడతను. నిన్న పరాసుపేటలో, మా ఇంటి ముందంటే మా ఇంటి ముందని ఇద్దరు పెద్దమనుషులు చొక్కాలు చింపుకున్నారు. వలందపాలెంలోని ఈ పాత సందులో బావులన్నీ ఉప్పునీళ్ళే. ఇక్కడ తలలే పగులుతాయేమోనని భయపడుతూ వచ్చాడు.

“ఎందుకు వద్దు మాస్టారూ?”

“వలందుల, అదే డచ్చివాళ్ళ కాలంనాటి గోడండీ ఇది. చెమ్మ తగిలితే కూలిపోతుంది.”

“మరి ఏటా వానలకు తడవడం లేదా?”

మాస్టారు గోడను ఒకసారి తడిమి చూశాడు. “అది పైనుంచి వచ్చే నీరు కదండీ,” అన్నాడు.

ఓవర్సీరు ఎదురింటికి నడిచాడు. కిటికీ దగ్గర నాగుల్ మీరా చిలకలపూడి కొట్టుకు ఇవ్వాల్సిన గిల్టు గాజులకు మెరుగు పెడుతున్నాడు.

“పోనీ మీ ఇంటి ముందు వేయిస్తానండీ.”

“వద్దండీ. బిందెల చప్పుడుకి చెయ్యి వణుకుద్ది. మా బావగారింటి ముందు వేయించండి.”

“ఏ బావగారు?”

“సుందరరాజు బావగారు.”

“ఆయన వద్దన్నారు.”

“బావగారు వద్దన్నారంటే ఏదో ఉండే ఉంటదండీ,” అని మీరా మళ్ళీ గాజుల మీదికి వంగాడు.

ఇక మిగిలింది చివరి ఇంటి వెంకాయమ్మ. ఆవిడ చేట పక్కన పెట్టి, “నాకు కుళాయి నీళ్ళు పడవు నాయనా, జలుబు చేస్తది,” అంది.

“కుళాయే ఇంకా రాలేదు కదమ్మా. పడవని ఎట్లా తెలిసింది?”

“బెజవాడలో మా అక్కకి పడలేదు. మాదంతా ఒకటే ఒళ్ళు.”

ఎండ నడినెత్తికి వస్తోంది. కూలీలు గొట్టం గోడకు ఆనించి నీడన కూలబడ్డారు. ఓవర్సీరు సందు మధ్యలో నిలబడి అందరికీ వినపడేలా చెప్పాడు.

“పన్నెండు గంటలకల్లా చోటు చూపించకపోతే ఈ గొట్టం పక్క సందుకి వెళ్ళిపోతుందండీ. మళ్ళీ మీ వంతు ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను.”

వెంకాయమ్మ మళ్ళీ చేట అందుకుంది. పైగా మాస్టారి ముఖం కాస్త తేటపడ్డట్టు కనిపించింది. ఓవర్సీరుకి ఏమీ బోధపడలేదు. మీరా కిటికీ దగ్గరకు వెళ్ళి గొంతు తగ్గించాడు.

“ఒకళ్ళు ముట్టిన కుళాయి ఇంకొకళ్ళు ముట్టుకోమనే పట్టింపు ఏమైనా ఉందా మీలో?”

మీరా నవ్వేశాడు. “క్రిస్మస్‌కి బావగారింట్లో అరిసెల పాకం చూసేది మా ఇంటావిడ షంషాదేనండీ. ఎండకి మీకు తల తిరుగుతున్నట్టుంది. కాసిని మంచినీళ్ళు తాగండి.”

గుమ్మం తెర వెనక నుంచి గాజుల చెయ్యి ఒకటి కంచుగ్లాసు అందించింది. నీళ్ళు చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఉదయం నుంచి తిరుగుతున్న మనిషికి ప్రాణం లేచొచ్చింది.

“ఇంత మంచి నీళ్ళు ఎక్కడివండీ?”

అంతలో సందు మొగలో, నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందెతో ఒక ముసలామె మలుపు తిరిగింది. మాస్టారు గబగబా వచ్చి గొట్టం మీద గోనెపట్టా కప్పేశాడు. మీరా బయటికొచ్చి గడ్డపారల ముందు నిలబడ్డాడు. ముసలామె అందరినీ పలకరిస్తూ వెంకాయమ్మ ఇంట్లోకి వెళ్ళింది.

మాస్టారు ఓవర్సీరు మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు.

“జ్ఞానమ్మగారండీ. మంచినీళ్ళ చెరువు నుంచి ఈ సందుకంతా ఆవిడే పోస్తారు. మా పెళ్ళిళ్ళకీ, చావులకీ ఆవిడ నీళ్ళే. కుళాయి వస్తే ఆవిడ పొయ్యి ఆరిపోతుంది. ఊరికే ఇస్తే పుచ్చుకునే మనిషి కాదు.”

“అందుకా మీ గోడ కూలిపోతుందన్నారు?”

“ఏదో ఒకటి చెప్పాలి కదండీ. ఆవిడ ముందు మాత్రం కుళాయి మాట ఎత్తకండి.”

ఓవర్సీరు కూలీలకు సైగ చేశాడు. వాళ్ళు గోనెపట్టా తీసి, గొట్టం భుజాలకెత్తుకుని పక్క సందు వైపు కదిలారు.

ఖాళీ బిందెలతో బయటికొచ్చిన జ్ఞానమ్మ ఆగిపోయింది. “అదేంది బాబూ, మోసుకుపోతన్నారు?”

దాచాలనే అనుకున్నాడు ఓవర్సీరు. కానీ ఇంత మంచి సంగతి ఆవిడకు తెలియకుండా పోవడం న్యాయం కాదనిపించింది.

“మంచినీళ్ళ కుళాయి గొట్టమమ్మా. నీ పని పోతుందని ఈ సందులో అందరూ వద్దన్నారు. నీకేం భయం లేదు.”

జ్ఞానమ్మ మెల్లగా బిందెలు రెండూ అరుగు మీద పెట్టింది. వెళ్ళిపోతున్న గొట్టం వైపు చూస్తూ రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది.

“వెనక్కి పిలు బాబూ. గుడివాడలో ఉన్న మా కూతురు విజయకుమారి, వచ్చి తనకాడ ఉండమని ఒకటే పోరు. నేనెళ్ళిపోతే వీళ్ళు ఉప్పునీళ్ళు తాగాల్సొస్తదని ఇన్నాళ్ళూ మోస్తన్నా.”