ముందు సీటు

“ఆ చిక్కుడుకాయలు తర్వాత తరుగుదువుగాని, ఈ ఫోటోలో గడ్డి ఎంత శాతముందో చెప్పు.”

భర్త ఫోను ఆమె ముక్కు దగ్గరికి తెచ్చాడు. నీటి అడుగున ఇసుక మీద తెల్లటి చదరపు ఫ్రేము, అందులో రిబ్బన్లలాంటి పచ్చటి ఆకులు. పోయినేడు కయాక్ పడవ కొన్న దగ్గర్నుంచి అతనికి ఆదివారాలన్నీ సముద్రంలోనే. తెడ్డు వేసుకుంటూ వెళ్లడం, కళ్లకు అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని మునగడం, సముద్రపు గడ్డిని ఫోటోలు తీయడం. అతనిలాంటి ఔత్సాహికులు పంపిన లెక్కలు చూసే, ఆ గడ్డి పెరుగుతోందో తరుగుతోందో శాస్త్రవేత్తలు తేలుస్తారు.

“యాభై అయిదు,” అందామె.

“నేను డెబ్భై అనుకున్నా. ఆవిడా యాభై అయిదే అంది.”

కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

“ఏ ఆవిడ?”

“ముందు సీటావిడ. ఇద్దరి కయాక్ కదా. ఒక్కో ఫ్రేముకీ ఇద్దరు విడివిడిగా లెక్క చెప్పాలని రూలు.”

ఆ సముద్రపు గడ్డి నాచు కాదనీ, వేళ్లూ పూలూ ఉన్న అసలుసిసలు మొక్క అనీ పెళ్లయిన కొత్తలో అతనికి చెప్పింది తను. బాటనీ చదివింది తను. ఆ రోజుల్లోనే ఓ అల తనని ఈడ్చుకుపోయి ఒడ్డున పడేశాక, మడమలు తడిసే లోతు దాటలేదు. ఇప్పుడు తన పాఠంతో ఇంకెవత్తో షికార్లు కొడుతోంది!

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆరాలే.

“బాగా మాట్లాడుతుందా?”

“ఊరికే మాట్లాడదు. తప్పు చేస్తే మాత్రం వదలదు.”

“అందంగా ఉంటుందా?”

“అద్దం పెట్టుకుంటే అందరం కప్పలమే.”

“తీసేస్తే?”

అతను తువ్వాలుతో తల తుడుచుకుంటూ నవ్వాడు. ఆ నవ్వుకి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“భుజాలకి కాస్త మందు రాయవూ?”

“ఇద్దరూ తెడ్డేస్తే ఇంత నొప్పేమిటండీ? మహారాణి చేతులు ముడుచుకుని కూర్చుంటుందా?”

“కూర్చోనీ. నాకేం బరువా?”

ఆమె మందు రాయలేదు, రుద్దింది. అతను కెవ్వుమన్నాడు.

మర్నాడు అతని సంచి ఉతకబోతే నీళ్లలో కళ్లకు పెట్టుకునే చిన్న అద్దం ఒకటి బయటపడింది. ఆడవాళ్ల కొలత, గులాబీరంగు పట్టీ. ఆమె తలుపు గడియపెట్టి నిలువుటద్దం ముందు పెట్టుకుని చూసుకుంది. కొలిచి చేసినట్టు సరిపోయింది. ‘మహాతల్లికి ముఖం కూడా నాలాంటిదే కావాల్సొచ్చిందా!’ అనుకుని సంచిలో విసిరేసింది.

మరుసటి వారం ఈతకొలను కోచ్ అడిగింది: “ఇంత భయపడుతూ ఎందుకు నేర్చుకుంటున్నారు, అక్కా?”

“ఒకావిణ్ణి సీట్లోంచి లేపాలి.”

మొదట్లో ఆమె గట్టు పట్టుకుని వదల్లేదు. తర్వాత గట్టు వదిలి కోచ్‌ని పట్టుకుని వదల్లేదు. కొన్నాళ్లకు వెల్లకిలా తేలింది, చివరికి ఈదింది. జుట్టెందుకు తడిసిందని భర్త అడిగిన ప్రతిసారీ తలంటుకున్నానంది. వారానికి అన్ని తలంట్లేమిటని అతను అడగలేదు.

ఆ తర్వాతి ఆదివారం అతను ఇంట్లోంచి సముద్రపొడ్డుకు వచ్చేసరికి, లైఫ్ జాకెట్ బిగించుకుని ఆమె ముందే నిలబడి ఉంది.

“నువ్వా!”

“నేనే. ఆవిడేదీ?”

“ఎందుకూ?”

“ముందు సీటు నాది. అద్దం కూడా ఇలా ఇవ్వండి. ఆవిడొస్తే ఇంటికి పొమ్మనండి.”

“నువ్వే చెప్పు. నాకు ఆవిడంటే భయం.”

అతను సంచిలోంచి గులాబీరంగు పట్టీ అద్దం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఒడ్డునే ఉన్న షెడ్డులోంచి కయాక్‌ని నీటి అంచుకు ఈడ్చి, మీది టార్పాలిన్ లాగాడు. ఆమె పళ్లు బిగించి, నీళ్లకేసి ఒకసారి చూసి, ఎక్కడానికి కాలెత్తింది.

ముందు సీటుకి కొట్టువాళ్లు చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు.