ఫిర్యాదుల్లేని ఎడిషన్

నాయుడుపేట ఎడిషన్ అనబడే పత్రికా సామ్రాజ్యానికి చంద్రమౌళి చక్రవర్తి. సైన్యం మాత్రం లేదు.

ఉన్న ఉపసంపాదకులను యాజమాన్యం సాగనంపి, వారి పీఠాలమీద కృత్రిమ మేధను ప్రతిష్ఠించింది.

ఆ దేవత కనురెప్ప పాటులో ఆరు పేజీలు ప్రసాదిస్తుంది. కళ్ళకద్దుకుని అచ్చుకు పంపడమే ఆయన రాజ్యభారం.

ఆ రాజ్యమైనా నిలిచేట్టు లేదు. నెలాఖరుకు కూడా ఫిర్యాదులు వస్తూనే ఉన్న ఎడిషన్లను మూసేస్తామని, ఆ ఫోన్ల లెక్క తనకు చేరుతుందని నెల్లూరు నుంచి మేనేజర్ విజయభాస్కర్ శాసనం పంపాడు.

ఫోను మోగింది. మళ్ళీ ఆమే. పేరు చెప్పదు, సముద్రం పక్క పల్లె నుంచి రోజూ చేస్తుంది.

“సార్, ఇప్పుడు వేట నిషేధం కదా. పడవలన్నీ ఒడ్డునే ఉండాయి. వలలు నిండా చేపలు పడినాయని రాసినారే?”

“పొరపాటమ్మా. సవరిస్తాం.”

“నిన్న గూడా అదే అంటిరి. మొన్న బతికుండే మా సర్పంచికి సంతాపం వేసినారు. నేను తీసకపోయి చూపించిందాకా ఆయప్పకే తెలీదు.”

చంద్రమౌళికి అరికాలి మంట నెత్తికెక్కింది. సందేహం లేదు, ఈమె పోటీ పత్రిక తన మీద సంధించిన బ్రహ్మాస్త్రమే.

“ఎవరు చేయిస్తున్నారమ్మా నీతో ఈ ఫోన్లు?”

“ఎవురు చేయిస్తారు సార్? నేనే చదివినా, నేనే చెప్పినా.”

“చదవమని నిన్నెవరు బతిమాలారు? నచ్చకపోతే మానెయ్.”

అలల హోరులోంచి ఆమె గొంతు వినబడింది.

“సరే సార్.”

మరునాడు ఫోను మోగలేదు. ఆ మరునాడూ లేదు. చంద్రమౌళి నిష్కంటకంగా రాజ్యమేలాడు.

అంతలో కొంప మునిగింది. యంత్రదేవత ముందురోజు పేజీలకే కొత్త తేదీ తగిలించి ప్రసాదించింది. చూడకుండా అచ్చుకు పంపింది సాక్షాత్తూ చక్రవర్తిగారే. తెల్లవారి పత్రిక విప్పాక గానీ ఆ సంగతి ఆయన కంటబడలేదు.

దీర్ఘసమాసాలతో క్షమాపణ ఒకటి సిద్ధం చేసుకుని, ఫోను ముందు ముద్దాయిలా కూర్చున్నాడు.

ఒక్కరూ చేయలేదు.

మధ్యాహ్నం మోగింది. విజయభాస్కర్. చంద్రమౌళి లేచి నిలబడ్డాడు.

“అభినందనలండీ. ఈ మధ్య మీ ఎడిషన్ మీద ఒక్క ఫిర్యాదూ లేదు. ఇక మూసే మాటే లేదు. ఇట్లాగే నడపండి.”

గండం గడిచింది. గుండె మాత్రం కుదుటపడలేదు. నాయుడుపేట నుంచి తీరందాకా పత్రిక వేయించే ఏజెంటు మస్తానయ్యకు ఫోను చేశాడు.

“ఇవాళ్టి పేపరు చూసి జనం ఏమన్నారు మస్తానయ్యా?”

“ఏమంటారు సార్? బజ్జీలు చుట్టినారు, బీరువాల్లో పరిచినారు. కాయితం గట్టిగా ఉండాదంటా ఉండారు.”

“అది కాదయ్యా. చదివినవాళ్ళు?”

మస్తానయ్య చందాదారుల పేర్లు ఒక్కొక్కటే గొణుక్కున్నాడు.

“మొదటి అక్షరం నుంచి కడదాకా చదివేది ఒకామె ఉండె సార్, మొన్న నుంచి ఆమె గూడా పేపరు వద్దనేసింది.”