ఇంటర్వెల్ దాకా

"తప్పుకి అవార్డిస్తామా మాస్టారూ?" అన్నాడు వెంకటప్పయ్య.

హాతీరాం టీ గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

కొత్తగూడెంలో గ్రంథాలయం వెనక గది. సినీ విమర్శకుల సంఘం పొద్దుటి నుంచీ అక్కడే కూర్చుంది. సంఘమంటే ముగ్గురే. వెంకటప్పయ్యకు తల్లాడలో రైసుమిల్లు, కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. వారపత్రికలో సినిమాల మీద రాస్తాడు. రాఘవమ్మ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైంది. హాతీరాం చరిత్ర లెక్చరరు. ఎనభయ్యారు గోదావరి వరద తర్వాత భద్రాచలం నుంచి బదిలీ చేయించుకుని వచ్చాడు. మెత్తటి మనిషి. ఆ పొద్దుట ఆయన గొంతు పెంచడం ఆ గదిలో అదే మొదలు.

ఆ ఏటి ఉత్తమ చిత్రం పోటీలో చివరికి రెండు సినిమాలు మిగిలాయి. ఒకటి డాకూ సినిమా, బందిపోటు కథ. ఎక్కడ వేసినా టికెట్ల దగ్గర తన్నుకున్నారు. రెండోది పడవ సినిమా. భద్రాచలం రేవులో తీశారు. ఎక్కడ వేసినా ఈగలు తోలుకున్నారు.

నెగ్గిన సినిమాను అవార్డుల రోజున ఊరందరికీ ఉచితంగా చూపిస్తారు. ప్రింటు కొని సంఘమే దాచుకుంటుంది. ఓడినది బెజవాడకు తిరుగు బస్సు ఎక్కుతుంది. డాకూ సినిమాకు బాధ లేదు, దాని ప్రింట్లు ఊరూరా ఉన్నాయి. పడవ సినిమాకు మిగిలింది ఈ ఒక్కటే. బెజవాడలో పాత రీళ్ళు కొనేవాడు దానికోసం కాచుకుని ఉన్నాడు. కరగబెట్టి గాజులు చేస్తారట.

"ఆ సినిమా బతకాలె," అన్నాడు హాతీరాం మళ్ళీ.

"ఎందుకు బతకాలో చెప్పండి మరి. పాటలు బాగున్నాయా? లేవు. హీరోయిన్ ఏడిస్తే మనకు నవ్వొస్తుంది. పడవ మునిగేటప్పుడు తాడు కనపడుతుంది."

"రేవు సీను చూడుండ్రి. ఇంటర్వెల్ ముందట వస్తది. ఆ జనంల ఒక్కరు గూడ నటిస్తలేరు."

వెంకటప్పయ్య పగలబడి నవ్వాడు. "ఎలా నటిస్తారండీ? వాళ్ళు షూటింగ్ చూడ్డానికొచ్చిన ఊళ్ళోవాళ్ళు! పడవ వంక చూడమంటే కెమెరా వంక చూసి పళ్ళికిలించారు. డైరెక్టరు ఆ ముక్క కోసెయ్యాల్సింది. కోసెయ్యకపోవడం వాడి బద్ధకం."

"బద్ధకమే," ఒప్పుకున్నాడు హాతీరాం. "అయినా మంచిపనే చేసిండు."

రాఘవమ్మ అప్పటిదాకా ఏమీ తేల్చలేదు. ఇద్దరి మధ్యా తేల్చే ఓటు ఆమెదే. కళ్ళద్దాలు తుడుచుకుని అడిగింది.

"సారూ, నాకు ఒక్కటి చెప్పుండ్రి. ఆ పడవాయన ఆఖరికి బతుకుతడా, సస్తడా? నేను చూసి శానా రోజులాయె, యాదికి వస్తలేదు."

హాతీరాం గ్లాసులోకి చూశాడు.

"ఆయన్నేం అడుగుతారమ్మా!" వెంకటప్పయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ములకలపల్లి టూరింగ్ టాకీసులో ఆపరేటర్ గోపాలు నాకంతా చెప్పాడు. ఈయన ప్రతి ఆటకీ వచ్చేవారట. ముందు బెంచీలో కూర్చునేవారట. ఇంటర్వెల్ గంట కొట్టగానే లేచి వెళ్ళిపోయేవారట! రెండో సగం ఒక్కసారి కూడా చూళ్ళేదు. ఏం మాస్టారూ, అబద్ధమా?"

"అబద్ధం కాదు."

"సగం సినిమాకి సగం అవార్డిద్దామా? శాలువా చింపి చెరో ముక్క కప్పుదాం!"

రాఘవమ్మ కూడా నవ్వింది. నవ్వి, నొచ్చుకుంది. "ఏమనుకోకుండ్రి సారూ. ఎన్కసగం చూడనోళ్ళ మాట మీద నేనెట్ల చెయ్యి లేపుత? డాకూ సినిమాకే నా ఓటు."

అయిపోయింది.

హాతీరాం గ్లాసు దింపబోయి బల్ల అంచుకు తగిలించాడు. టీ ఒలికి బల్ల మీద పారింది. రాఘవమ్మ చూసి కూడా చూడనట్టు కిటికీ వైపు తిరిగింది. ఆ మాత్రం దయకే ఆయన మనసులో ఆమెకు దండం పెట్టుకున్నాడు.

"రీళ్ళ పెట్టె నేనే బెజవాడల అప్పజెప్పి వస్త," అన్నాడు లేస్తూ.

"మీకెందుకండీ శ్రమ? బస్సులో పడేస్తే వాళ్ళే దించుకుంటారు."

"కాలేజీకి సెలవే గద. పోయొస్త."

బస్టాండులో రిక్షావాడు రేకు పెట్టెను బస్సు తలుపు దగ్గర దించాడు. కండక్టరు పైకి చెయ్యి చూపించాడు.

"టాప్ మీదెయ్యాలె సారూ."

"వానొచ్చేటట్టుంది. లోపల్నే పెట్టుకుంట."

"పాత డబ్బాలే గద, తడిస్తే ఏమైతది?"

"రెండు టికెట్లు కొట్టు. బెజవాడకు."

"ఇంకొకరెవ్వరు?"

హాతీరాం కిటికీ పక్క సీట్లో పెట్టెను కూర్చోబెట్టాడు. తను ఇవతల కూర్చున్నాడు.

కండక్టరు తల గోక్కున్నాడు. "పెట్టెకు ఫుల్ టికెట్టా? లగేజీ కొడితే సాలు సారూ, ఉత్తగ ఖర్సు."

"కొట్టు నాయినా."

కండక్టరు ఆయన మొహం చూశాడు. రెండు టికెట్లు కొట్టి, ముందుకు వెళ్ళి ఎవరితోనో చిల్లర కోసం పోట్లాటకు దిగాడు. జూలూరుపాడు దాటేసరికి బస్సు నిండిపోయింది. నిలబడ్డవాళ్ళు పెట్టె వంక గుర్రుగా చూశారు. ఏన్కూరులో ఒకావిడ చంకలో పిల్లతో వచ్చి నిలబడితే, హాతీరాం లేచి తన సీటు ఇచ్చాడు. పెట్టెను మాత్రం కదపలేదు. చినుకులు మొదలయ్యాయి. పైనుంచి వంగి కిటికీ అద్దం దించాడు.

వరద ఇంటినీ, ఇంట్లోని ఫొటోలనూ ఊడ్చుకుపోయాక, అంతకు ముందే జ్వరంతో పోయిన ఆయన భార్య సోమ్లి ముఖం ఈ భూమ్మీద మిగిలింది ఆ పెట్టెలోనే, షూటింగ్ చూడబోయి రేవు జనంలో నిలబడి, కొంగు సర్దుకుని, కెమెరా వంక తిరిగి నవ్విన ఆ ఒక్క క్షణంలో.