ఎవరి కడుపులో

“ఇది గొడ్రాలని ఒక్క మాట అనీయండి డాక్టరమ్మా, నానెల్లిపోతాను,” అంది అచ్చియమ్మ, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

డాక్టర్ శాంతాదేవి చేతిలో కాగితం మరోసారి చూసుకుంది. రక్తపరీక్ష ఫలితం పొద్దున్నే రాయపూర్ నుంచి వచ్చింది. ఎదురుగా స్టూలు మీద అచ్చియమ్మ కోడలు రాజశ్రీ తల వంచుకుని కూర్చుంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. ఏడాదిగా నెలసరి ఆగిపోయింది. మొగుడు పైడిరాజు లోకోషెడ్డులో ఫిట్టరు. డ్యూటీ ఉందని రాలేదట. రాకపోవడానికి కారణం డ్యూటీ కాదని శాంతాదేవికి తెలుసు.

ఈ తోర్వా రైల్వే బస్తీలో క్లినిక్ పెట్టిన దగ్గర్నుంచీ ఇలాంటి అత్తగార్లను ఆవిడ చాలామందినే చూసింది. చూసినప్పుడల్లా ఒళ్లు మండటం మాత్రం మానలేదు.

“అనేస్తే ఏం చేస్తారు?”

“ఏటి సేత్తాం? బాబుకి ఇంకో సంబంధం సూసేం. ఖరగ్‌పూర్ పిల్ల. దీన్ని రేపు పుట్టింట్లో దింపీసొస్తాను.”

“వాళ్లమ్మకి చెప్పారా?”

“సెప్పేను.”

“ఏమంది?”

“ఏటంతాది? ఏడ్సింది.” అచ్చియమ్మ గొంతులో చిన్న వణుకైనా లేదు. “అది ఏడ్సిందని నా కొడుకు వంశం ఆగిపోవాలా?”

రాజశ్రీ కొంగు అంచును వేలికి చుట్టుకుంటోంది. విప్పుతోంది, మళ్లీ చుట్టుకుంటోంది. శాంతాదేవి ఆ పిల్లకేసి తిరిగి మెల్లగా చెప్పింది.

“చూడమ్మా, నీ గర్భసంచికి ఏ లోటూ లేదు. అండాలే అయిపోయాయి. మామూలుగా యాభై ఏళ్లకు అయిపోవాల్సినవి నీకు ఇప్పుడే అయిపోయాయి.”

“మందు?” అంది అచ్చియమ్మ.

“లేదు.”

“అచ్ఛా. మరింకేటి?” అచ్చియమ్మ సంచీ భుజానికి తగిలించుకుంది. “ఏటేటి తిందో, ఏ పాపం సేసిందో!”

“ఆ పిల్ల ఏమీ చెయ్యలేదు.” శాంతాదేవి గొంతు పెరిగింది. “ఆడపిల్లకి అండాలు పెద్దమనిషి అయ్యాక పుట్టవు. తల్లి కడుపులో ఉండగానే పుట్టేస్తాయి. ఐదో నెలకి లక్షలకి లక్షలు ఉంటాయి, మామిడిచెట్టు పూతలాగా. ఆ వెంటనే రాలడం మొదలవుతుంది. చుట్టూ గూడు కట్టుకున్నవే బతుకుతాయి. గూడు దొరకనివి అక్కడే చచ్చిపోతాయి. బిడ్డ బయటపడేసరికే చాలా మటుకు పోతాయి. ఈ పిల్లకి మరీ ఎక్కువ పోయి ఉంటాయి. కళ్లు తెరిచి లోకం చూడకముందే జరిగిపోయినదానికి ఈ పిల్లనంటారేం?”

రాజశ్రీ చేతిలో కొంగు ఆగిపోయింది. ఎవరో తన తప్పు లేదనడం ఈ ఏడాదిలో ఇదే మొదటిసారేమో, కళ్లలో నీళ్లు తిరిగాయి.

అచ్చియమ్మ మాత్రం అందులోంచి తనకు కావలసిన ముక్క ఏరుకుంది.

“అయితే దాని బాబు వంశమే అంత. మా రక్తంలో ఇలాంటి ఖరాబీ నేదు.”

“తండ్రి వంశమని ఎవరన్నారు? తల్లి కడుపులో అన్నాను.”

“తల్లి కడుపులోనా?” అచ్చియమ్మ మొహం గట్టిపడింది. “అయితే దాని తల్లిదే తప్పు. కడుపుతో ఉన్నప్పుడు ఒక్కమాట ఇన్నాదేటి? ఎండనక వాననక తిరిగీది. తిండి ముందెడితే వాంతులని తోసీసేది. రేపెల్లి అదే మొహమ్మీద అడుగుతాను, నీ కడుపులో నువ్వు సంపీసిన పూతకి నా కొడుకేటి సేత్తాడని. డాక్టరమ్మే సెప్పిందని సెప్తాను.”

కోడలిని కాపాడదామని శాంతాదేవి చెప్పిన మాట ఇంకో ఆడదాని మీదకి రాయిలా ఎగిరింది. అదీ తన పేరు మీద.

“ఇందులో ఎవరి తప్పూ లేదు. వాంతులకీ దీనికీ సంబంధం లేదు. ఎందుకిలా జరుగుతుందో మాకే పూర్తిగా తెలీదు.”

“తెలీదంటే ఎలాగ? కడుపులోనే అని మీరే అన్నారు గదా!”

అంతే. శాంతాదేవి కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. చదువు, మర్యాద రెండూ పక్కకి పోయాయి.

“సరే, కడుపుల లెక్కే తేల్చేద్దాం! ఈ పిల్ల పుట్టింది కూడా ఒక అండంలోంచే కదా? ఆ అండం వాళ్లమ్మ ఒంట్లోకి ఎప్పుడొచ్చింది? వాళ్లమ్మ పుట్టకముందే వచ్చింది. అంటే ఈ పిల్ల అమ్మమ్మ కడుపులో! అసలు మొదలు అక్కడుంది. తల్లిని అడిగి ఊరుకుంటారేం? వెళ్లి ఆ ముసలమ్మ మొహమ్మీదే అడగండి, నీ కడుపులో ఏముంటే ఇలా తగలడిందని. అడిగే దమ్ముందా మీకు?”

అచ్చియమ్మ మెల్లగా వెనక్కి జరిగి, అప్పటిదాకా వద్దన్న కుర్చీలో కూలబడింది. సంచీ భుజమ్మీంచి జారి కిందపడినా తీసుకోలేదు.

ఇన్నేళ్లలో ఒక అత్తగారి నోరు మూయించగలిగానన్న తృప్తి శాంతాదేవికి మొదటిసారి కలిగింది. అదే ఊపులో పిల్లవైపు తిరిగింది.

“మీ అమ్మమ్మ బతికే ఉందా అమ్మా?”

రాజశ్రీ తలెత్తింది. కళ్లు తుడుచుకుంది.

“ఉందండీ. ఈవిడేనండి.”